ఏడుకు రెండు

కవరు మీద నా పేరు తప్పు లేకుండా అచ్చయి వచ్చింది:
నేలపూడి ఏసుపాదం, మార్టేరు.
లోపలి కాగితం చెప్పింది,
ఏడు షేర్లున్నవాడికి ఇంకో రెండు,
ఒక్కోటి అరవై రెండు రూపాయలకి.

"చవగ్గా ఇస్తున్నారంటే కంపెనీకి తెగులు పట్టినట్టే"
అన్నాడు సత్తిబాబు, టీ కొట్టు బల్ల మీద.
కావచ్చు. బాకీ తీర్చాలనీ,
ఆకివీడు పక్కన రొయ్యల మేతకి ఇంకో మిల్లు కట్టాలనీ
సన్నటి అక్షరాల్లో రాశారు.
అద్దాలు పెట్టుకుని బాకీ దగ్గరే రెండుసార్లు చదివాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళు లాకుల మీద లస్కరుగా చేసినవాణ్ణి.
నాకీ లెక్క కొత్తది కాదు.
ఫలానా తారీఖు సాయంత్రానికి పుస్తకంలో పేరున్నవాడికే వంతు;
మర్నాడు చేను కొన్నవాడు గట్టు మీద నిలబడి చూడాల్సిందే.
వంతు వచ్చిన రాత్రి నువ్వు నిద్రపోతే
నీళ్ళు వచ్చి లేపవు,
పక్క బోదెలోకి పోతాయి.

ఆ తారీఖుకి ముందురోజు రేటు తొంభై ఒకటి.
తెల్లారేసరికి ఎనభై నాలుగున్నర.
సత్తిబాబు గుండె మీద చెయ్యేసుకున్నాడు.
"ఏం పోలేదురా,
ఏడు మళ్ళ నీళ్ళు తొమ్మిది మళ్ళకి సర్దారు.
మట్టం దిగింది, అంతే."

వాడి చేతిలో డబ్బు ఆడటం లేదు.
వంతునీ అమ్ముకోవచ్చని చెప్పాను.
ఖాతాలో దానికి వేరే పేరు, వేరే రేటు;
ఇరవై ఒకటి లెక్కన పోయింది.
మోటారుకి వైండింగు చేయించుకున్నాడు.
విశాలాక్షి టీచరుగారు కవరు చింపనే లేదు.
బియ్యం డబ్బా మీద పెట్టి
దాని వెనక కూరల లెక్క రాసుకున్నారు.

"మీకెన్నండీ?" అంది బ్యాంకులో నాగలావణ్య.
నాలుగు వందల యాభై.
"నూట ఇరవై ఎనిమిదొస్తాయి. పైన సగం చిల్లర.
ఆ చిల్లర వదిలేస్తారండి."
షట్టరు కింద కారే నీళ్ళు గుర్తొచ్చాయి.
ఏ రికార్డుకీ ఎక్కని నీళ్ళు.
వాటి మీదే బతికేవి అక్కడి నాచూ, నత్తలూ,
గట్టు వాలులో నేను వేసుకున్న తోటకూరా.

"అదనం అని ఒక గడి ఉందండి. అడగొచ్చు,
ఇస్తారో ఇవ్వరో."
ఇరవై అని రాయించాను.
అడగటం నాకు అలవాటు లేదు.
గడి ఉంది కాబట్టి అడిగాను.

మొత్తం తొమ్మిది వేల నూట డెబ్బై ఆరు.
డబ్బు పోలేదు, నాదనీ లేదు;
ఖాతాలోనే రెండు తలుపులూ మూసి నిలబెట్టారు,
పై నీటికీ కింది నీటికీ మధ్య
లాకు గదిలో ఆగిన ధాన్యం పడవలాగ.
పడవవాడప్పుడు బీడీ ముట్టించుకుంటాడు.
ఇంకేం చేస్తాడు.

ఇంటికొస్తూ లాకుల దగ్గర కాసేపు ఆగాను.
ఎన్ని వేల ఎకరాలకో రాత్రి రెండింటికి చక్రం తిప్పాను.
అందులో గజం నాది కాదు.
ఎవరి వంతు ఎప్పుడో నోటికి చెప్పేవాణ్ణి,
జాబితాలో నా పేరు వెతుక్కునే పని
ఏ సార్వాకీ, ఏ దాళ్వాకీ పడలేదు.
రిటైరైనప్పుడు వచ్చినదాంట్లోంచి ఈ షేర్లు కొంటే
"కాగితాల్లో ఏం పండుతుంది" అంది సువార్తమ్మ.
పండుతుందని నేనూ అనలేదు.

గడువు దాటిన పదో రోజున ఫోను మోగింది, మెసేజీ:
నూట ముప్ఫై ఒకటి.
నా నూట ఇరవై ఎనిమిదీ, అడిగినందుకు మూడు.
మిగిలిన వెయ్యిన్నీ యాభై నాలుగుకి తలుపు తీసి వదిలారు.

ఆ మూడూ ఎవరివో.
కవరు చింపనివాళ్ళెవరివో,
టీచరుగారివే అయినా కావచ్చు.
మనసు ఆగక పొద్దున్నే వెళ్ళి చెప్పాను.
ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని
డబ్బా మీది కవరు తిరగేసి చూశారు.
"వంకాయలు అర కేజీ, ములక్కాడలు నాలుగు.
ఏసుపాదం, ఈ లెక్కలో నీ వంతేమైనా ఉందా చూడు,
కూర దించే వేళకి రా."